పార్కు అంటే సెట్టు కాదు: థీమ్ పార్కుల కొత్త ముస్తాబుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత పార్కుకి కొత్త రూపు ఇవ్వాలని చూస్తున్నవాళ్లు, పార్కు చూసొచ్చి సందేహం పట్టుకున్నవాళ్లు, చదువు పూర్తిచేసి ఈ రంగంలోకి వస్తున్నవాళ్లు ఈసారి రాశారు. కొలతలు, బడ్జెట్ చెప్పినవాళ్లకి లెక్కలతోనే జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాల్ మూడో అంతస్తులో మాకు 4,000 చదరపు అడుగుల పిల్లల ఆటల జోన్ ఉంది. దాన్ని అడవి, గుహల థీమ్‌లోకి మార్చాలి. హైదరాబాద్‌లో సినిమా సెట్లు వేసే బృందం ఇచ్చిన కొటేషన్, థీమింగ్ కంపెనీ అడిగినదాంట్లో మూడో వంతే. ఫొటోల్లో చూస్తే ఇద్దరి పనీ ఒకేలా ఉంది. తక్కువకి వచ్చేవాళ్లకి ఇస్తే తప్పేంటి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

ఫొటోలో ఒకేలా ఉండటంతోనే వచ్చింది చిక్కంతా. సెట్టు వేసేది కెమెరా కోసం. కెమెరా గోడకి ఆనుకోదు, గోటితో గిల్లదు, ఐస్‌క్రీం చేతులు తుడవదు. షూటింగ్ అయిపోగానే సెట్టు విప్పేస్తారు. మీ గుహ గోడ మీద మొదటి ఆదివారమే కొన్ని వందల చేతులు పడతాయి, ఆపైన ఏళ్ల తరబడి పడుతూనే ఉంటాయి.

సెట్టు బృందాల పనితనంలో లోటేమీ లేదు. బండరాయి రూపం తేవడంలో, కొత్త గోడకి పాతబడిన రంగు పులమడంలో వాళ్లని మించినవాళ్లు మన దగ్గర తక్కువ. లోటల్లా వాళ్లు అలవాటుగా వాడే సరుకులో ఉంది: థర్మోకోల్, పీఓపీ, గోనెపట్ట, పల్చటి ప్లై, సరుగుడు బాదులు. అందుకని మనుషుల్ని మార్చక్కర్లేదు, స్పెసిఫికేషన్ మార్చండి. ఒకే స్పెసిఫికేషన్ కాగితం ఇద్దరికీ ఇచ్చి మళ్లీ ధర అడగండి. తేడా చాలావరకు అక్కడే కరిగిపోతుంది. ఇంకా మిగిలితే అప్పుడది నిజమైన బేరం.

ఆ కాగితంలో ముందుగా రాయాల్సింది చేతి మేర. నేల నుంచి 7 అడుగుల దాకా ఉన్నదేదైనా తడుముతారు, తంతారు, ఎక్కుతారు. ఈ మేరలో థర్మోకోల్ గాని పీఓపీ గాని ఉండకూడదని స్పష్టంగా రాయండి. నేల మీద కట్టే పార్కుల్లో ఇక్కడ సిమెంటు రాతిపని చేస్తారు: 8 మి.మీ. కమ్మీల చట్రం, దానిమీద జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) మెష్, ఒక గరుకు పూత, అది గట్టిపడ్డాక చెక్కుడు పూత. మీది మూడో అంతస్తు. 40 మి.మీ. మందం రాతిపని చదరపు మీటరుకి 85 నుంచి 90 కిలోలు తూగుతుంది, లోపలి ఇనుము కాకుండానే. మాల్ స్ట్రక్చరల్ ఇంజినీరు కాగితం మీద ఒప్పుకుంటే తప్ప దాని జోలికి పోవద్దు. మీకు ఎఫ్‌ఆర్‌పీయే (గాజు పీచుని రెజిన్ అనే గట్టిపడే జిగురులో ముంచి చేసే ప్లాస్టిక్) దారి. చదరపు మీటరుకి 5 కిలోల పైచిలుకుతో పోతుంది.

ఎఫ్‌ఆర్‌పీలో మోసం పొరల దగ్గర జరుగుతుంది. చేతి మేరలో 450 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే) గ్లాస్ మ్యాట్, అంటే గాజు పీచు పరుపు, 3 పొరలు పడాలి. అప్పుడు మందం 3 మి.మీ.కి అటూ ఇటూగా వస్తుంది. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెజిన్ అనుకోండి. 100 చదరపు అడుగులకి మ్యాట్ పన్నెండున్నర కిలోలు, రెజిన్ సుమారు 31 కిలోలు, పైన నున్నటి పొరగా వేసే జెల్‌కోట్ 5, 6 కిలోలు పడతాయి. అంటే 100 చదరపు అడుగుల ప్యానెళ్లు, చట్రం బిగించకముందు, 45 నుంచి 50 కిలోలు తూగాలి. సైటుకి వచ్చినప్పుడు కాటా మీద పెట్టించండి. 35 దగ్గర ఆగితే ఒక పొర ఎగిరిపోయినట్టే. రంగు వేశాక ఈ సంగతి ఏ కంటికీ కనపడదు.

మీ ఊరి ఎండల్లో అచ్చు పోస్తే రెజిన్‌ని గట్టిపరిచే క్యాటలిస్టు 1 శాతం చాలు. త్వరగా గట్టిపడాలని ఎక్కువ పోస్తే లోపల వేడి పుట్టి వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. ఇంకొకటి: గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్ యాక్సిలరేటర్‌నీ క్యాటలిస్టునీ నేరుగా కలిపితే పేలుతుంది. మొదటిది రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది పోయాలి. ఈ పని మాల్ లోపల చేయనివ్వకండి. ప్యానెళ్లు షెడ్డులో తయారై రావాలి.

ప్యానెళ్ల వెనక అడుగున్నరకో జీఐ స్క్వేర్ ట్యూబ్ లేకపోతే తడితే డబ్బా మోత మోగుతుంది. రాయి డబ్బాలా మోగిందంటే పిల్లాడు కూడా నమ్మడు. అతుకుల్లో ఉత్త లప్పం పెట్టి రంగు వేయడం ఇంకో దొంగదారి. మాల్‌లో పగలు ఏసీ, రాత్రి ఉక్క. ఆ సాగుడుకీ కుదింపుకీ కొన్ని నెలల్లో ప్రతి అతుకూ గీతలా బయటపడుతుంది. అతుకు మీద 3 అంగుళాల వెడల్పు మ్యాట్ పట్టీ రెజిన్‌తో అతికించి, ఆ తర్వాతే లప్పం పెట్టాలి.

7 అడుగుల పైన ధారాళంగా ఆదా చేసుకోవచ్చు. అక్కడ 2 పొరలు చాలు, చెక్కుడు మోటుగా ఉన్నా లైటు చూసుకుంటుంది. థర్మోకోల్ మాత్రం అక్కడా వద్దు. ఎందుకో మూడో జవాబులో ఉంది.

ప్రశ్న: అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా ఆనాహైమ్‌లో డిస్నీ పార్కులకి తీసుకెళ్తాం. కాలిఫోర్నియా అడ్వెంచర్ మొదట్లో చాలా చప్పగా ఉండేదనీ, మళ్లీ కట్టినంత పని చేశారనీ ఇక్కడి పాతవాళ్లు అంటారు. అంత పెద్ద కంపెనీ మొదటిసారే సరిగ్గా ఎందుకు కట్టలేదు? (ఒక పాఠకురాలు, అర్వైన్, కాలిఫోర్నియా)

పాతవాళ్లు చెప్పింది నిజం. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ తిరగేసే పాఠం అది. డిస్నీల్యాండ్ పాత పార్కింగ్ స్థలంలో 2001 ఫిబ్రవరి 8న ఆ పార్కు తెరిచారు. ఖర్చు 60 కోట్ల డాలర్ల ప్రాంతం. గేటు దగ్గర కాలిఫోర్నియా అనే పేరులోని అక్షరాలు ఒక్కొక్కటీ నిలువెత్తుకి మించి, వెనక గోల్డెన్ గేట్ వంతెన నమూనా, లోపల చౌకులో పెద్ద లోహపు సూర్యుడు. దూరం నుంచి చూస్తే పోస్ట్‌కార్డు. దగ్గరికి వెళ్తే చూడటానికి ఇంకేమీ ఉండేది కాదు. వెనక భాగంలోని ప్యారడైజ్ పియర్‌లో జాతరల్లో దొరికే రకం సవారీలే, పైన రంగులు. పక్క గేటులో డిస్నీల్యాండ్ ఉంది. అక్కడ గడప, దీపం, తలుపు గొళ్లెం కూడా కథలో భాగమే. జనం రెంటినీ పోల్చారు. తొలి ఏడాది దీనికి వచ్చినవాళ్లు పక్క పార్కుకి వచ్చినవాళ్లలో సగం కూడా లేరు.

2007లో 110 కోట్ల డాలర్ల మరమ్మతు ప్రకటించారు. 2012 జూన్ 15కి పూర్తయింది. కట్టిన ఖర్చు కంటే దిద్దిన ఖర్చు ఎక్కువన్నమాట. ఆ డబ్బు పంచిన తీరే మీరు గమనించాల్సింది. ప్రవేశ ద్వారాన్ని నామరూపాల్లేకుండా తీసేసి, వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలిస్‌లో అడుగుపెట్టిన 1920ల నాటి వీధిలా బ్యూనా విస్టా స్ట్రీట్ కట్టారు. సూర్యుడి స్థానంలో కార్తే సర్కిల్ థియేటర్ రూపం లేచింది. డిస్నీ తొలి పూర్తినిడివి యానిమేషన్ చిత్రం 1937 డిసెంబరులో మొదట ఆడింది అసలు కార్తే సర్కిల్‌లోనే. గేటు ముందరి అక్షరాలు శాక్రమెంటోలోని రాష్ట్ర ప్రదర్శనశాల మైదానానికి వెళ్లిపోయాయి. కార్స్ సినిమాలోని ఊరిని చూపే 12 ఎకరాల కార్స్ ల్యాండ్‌ని సరికొత్తగా కట్టారు. ఈ రెండు చోట్లా చేతికి తగిలేదంతా గట్టి సరుకే.

పియర్ దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టారు. యంత్రాలు ఉంచి తొడుగు మార్చారు. నారింజ తొక్క లోపల తిరిగే ఊయలల సవారీకి తొక్క తీసేసి 2010లో కొత్త పేరు పెట్టారు. పెద్ద చక్రం 2001లో సన్ వీల్, 2009లో మిక్కీ పేరు మీద, 2018లో పిక్సార్ పేరు మీద తిరిగింది. 17 ఏళ్లలో మూడు పేర్లు. 2012లో కట్టిన ప్రవేశ వీధిని మాత్రం ఆ తర్వాత పెద్దగా మార్చలేదు. తొడుగు చౌక అన్నమాట వాస్తవమే. కానీ ఎనిమిది, తొమ్మిదేళ్లకోసారి మళ్లీ కొనాల్సి వస్తుందని ఆ చక్రం చెబుతోంది.

తొడుగు మార్చడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. అదే పార్కులో టవర్ ఆఫ్ టెర్రర్‌ని 2017 జనవరి మొదట్లో మూసి, మే 27కల్లా గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ సినిమా పేరు మీద సవారీగా తెరిచారు. భవనం అదే, పడే లిఫ్టు యంత్రం అదే. లాబీ, క్యూ గదులు మాత్రం పూర్తిగా మారాయి. లోపలికి అడుగుపెట్టిన మనిషి అరగంటో గంటో నిలబడి చూసేది వాటినే. బయటి ముఖభాగం గురించి పొగిడినవాళ్లకంటే తిట్టినవాళ్లే ఎక్కువ, మా లెక్కలో కూడా అది మొత్తం పార్కు వీధుల మధ్య అతకని ముక్కే. లోపలి గదులకి మాత్రం వంక పెట్టలేం.

మొదటిసారి ఎందుకు సరిగ్గా కట్టలేదన్నారు కదా, 1955లో డిస్నీల్యాండ్‌లో కూడా అదే జరిగింది. డబ్బూ సమయమూ చాలక ఫ్యాంటసీల్యాండ్ ముందుభాగాల్ని మధ్యయుగపు గుడారాల్లా చదును పలకల మీద రంగులు వేసి సరిపెట్టారు. రాళ్లూ దూలాలూ ఉన్న ఊరిలా అది మారడానికి 1983 దాకా పట్టింది. తేడా ఏమిటంటే, 1955లో పోల్చడానికి పక్కన ఇంకో పార్కు లేదు.

ప్రశ్న: భయపెట్టే ఇల్లు నడుపుతున్నాం. కొత్తగా నల్ల గుడ్డలు, స్పాంజి గోడలు పెడుతున్నాం. మంట అంటుకోకుండా స్ప్రే కొట్టిస్తామని కాంట్రాక్టరు అంటున్నాడు. అది చాలా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

చాలదు. గుడ్డ సంగతి తర్వాత, స్పాంజి మాట ఎత్తకండి. 1984 మే 11న అమెరికాలో న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో హాంటెడ్ క్యాజిల్ తగలబడి 8 మంది పిల్లలు చనిపోయారు. ట్రెయిలర్ పెట్టెలు కలిపి కట్టిన చీకటి దారి, గోడలకి స్పాంజి, స్ప్రింక్లర్లు లేవు. స్పాంజికి, థర్మోకోల్‌కి మంట తగిలితే నిమిషాల్లో గది అంతా విషపు పొగ. థర్మోకోల్ అయితే కరిగి మండుతూ బొట్లుబొట్లుగా మనుషుల మీద పడుతుంది. పైన గట్టి పూత వేశాం అంటారు. ఆ పూత పగిలినచోట లోపలిది థర్మోకోలే.

గుడ్డకి కొట్టే స్ప్రే కొంతవరకు పనిచేస్తుంది, ఒకసారి ఉతికితే చాలా రకాలు కొట్టుకుపోతాయి. పోగులోనే మంట నిరోధక గుణం ఉన్న గుడ్డ కొని, పరీక్ష సర్టిఫికెట్ తీసుకోండి. సైటులో మీరే చూసుకోవాలంటే, గుడ్డ నుంచి సన్నటి పట్టీ కత్తిరించి, బయట ఖాళీ స్థలంలో పట్టకారుతో పట్టుకుని అగ్గి 12 సెకన్లు తగిలించండి. అగ్గి తీయగానే 2 సెకన్లలో ఆరిపోవాలి, మండే బొట్లు రాలకూడదు. ఇది ల్యాబ్ పరీక్షకి బదులు కాదు. వచ్చిన సరుకు సర్టిఫికెట్‌లో ఉన్నదేనా అని పట్టుకోవడానికి మాత్రమే. పార్టిషన్లకి ఐఎస్ 5509 ముద్ర ఉన్న ప్లై అడగండి. ఐఎస్ 710 నీటిని తట్టుకుంటుంది, మంటని కాదు. దుకాణాల్లో ఈ రెంటినీ కలిపి చెబుతుంటారు.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. పార్కు నడుస్తుండగా వెల్డింగ్ చేయించకండి. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో పాతికమందికి పైగా చనిపోయిన రోజు, లోపల జనం ఉండగానే వెల్డింగ్ జరుగుతోంది. ఆ చోటుకి ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) కూడా లేదు. మరమ్మతు రాత్రి పూట, పార్కు ఖాళీ అయ్యాకే. వెల్డింగ్ జరిగేచోటికి చుట్టూ 35 అడుగుల్లో మండే సరుకు తీసేయాలి, తీయలేనిదాన్ని ఫైర్ బ్లాంకెట్‌తో కప్పాలి. పని ఆగాక కనీసం గంటసేపు ఒక మనిషి ఆర్పే సిలిండరుతో అక్కడే కాపలా ఉండాలి. ఇంటికెళ్లే తొందరలో వెల్డరు వదిలేసిన నిప్పురవ్వ ఆ గంటలోనే రాజుకుంటుంది.

చీకటి దారి ఎన్ని మలుపులు తిరిగినా, ఎక్కడ నిలబడ్డవాళ్లకైనా బయటపడే తలుపు 30 మీటర్ల నడకలోపు దొరకాలి. ఆపరేటరు ఒక్క బటన్ నొక్కితే పాట ఆగి, లైట్లన్నీ వెలగాలి.

ప్రశ్న: 6,000 చదరపు అడుగుల పాత గేమ్ జోన్‌ని మార్చడానికి మొత్తం 60 లక్షలున్నాయి. అన్ని గదులూ సమానంగా బాగుండాలని మా భాగస్వాముల పట్టు. ఎలా పంచాలి? (ఒక పాఠకురాలు, వరంగల్)

సమానంగా పంచితే అన్ని గదులూ సమానంగా చప్పబడతాయి. చూడండి.

60 లక్షల్లో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందనుకుంటే పనికి మిగిలేది 50 లక్షల 85 వేలు. కట్టడంలో భాగంగా లెక్కరాసే పనులకి ఆ పన్ను తిరిగి ఇన్‌పుట్ క్రెడిట్‌గా రాదు. విడిగా యంత్రాలుగా లెక్కకొచ్చేవాటి సంగతి వేరు. ఒప్పందం రాసేముందే మీ ఆడిటర్‌తో కూర్చోండి, బిల్లులు విడగొట్టే తీరులోనే తేడా ఉంటుంది. పాత గోడ విప్పితే ఏం బయటపడుతుందో తెలీదు కాబట్టి 15 శాతం పక్కన పెట్టండి, అంటే ఏడున్నర లక్షల పైన. కొత్త కట్టడానికైతే 10 సరిపోయేది. మిగిలింది 43 లక్షలు. వైరింగ్, ఫైర్ పనులు, ఏసీ డక్టులు, టాయిలెట్ పైపులకి అందులోంచి 13 లక్షలు తీయండి. ఎవరూ మెచ్చుకోని డబ్బు ఇది. ఇక్కడ కోసేస్తే ఏడాదిలో కొత్త గోడ పగలగొట్టి మళ్లీ ఇదే పని చేయించుకుంటారు.

కంటికి కనపడే పనికి 30 లక్షలు మిగిలాయి. 6,000 అడుగులకి పంచితే అడుగుకి 500. ఆ డబ్బుకి స్టిక్కర్లూ ఫ్లెక్సీలూ వస్తాయి. బదులుగా, ప్రవేశం 600 అడుగులు, పెద్ద హాలు 1,400 అడుగులు కలిపి 2,000 అడుగుల మీద 24 లక్షలు పెట్టండి. అడుగుకి 1,200 అయింది. మిగతా 4,000 అడుగులకి 6 లక్షలు, అంటే అడుగుకి 150. అక్కడ సీలింగ్, డక్టులు, పైపులు అన్నీ కలిపి మ్యాట్ నలుపు స్ప్రే చేయించి, లైట్లు కిందికి వేలాడదీయండి. 10 అడుగుల పైన చీకటి ఉంటే అక్కడ ఏముందో ఎవరూ చూడరు. ఫాల్స్ సీలింగ్ డబ్బు మొత్తం మిగులుతుంది, మరమ్మతుకీ సులువు.

రెండో ఏడాది లాభంతో ఇంకో గది చేసుకోవచ్చు. నిజానికి జనం మళ్లీ రావడానికి అదో కారణం కూడా.

చౌక చేయకూడనివి: నేల, తలుపు బందులు, కూర్చునే బల్లల అంచులు, రెయిలింగ్, టాయిలెట్. క్యూ దారి 3 అడుగులకి తగ్గితే వీల్‌చెయిర్ పోదు, పిల్లాణ్ణి ఎత్తుకున్న తండ్రికీ ఇరుకే. ప్రతి లైటు డ్రైవరుకీ (లైటుకి సరిపడా కరెంటు ఇచ్చే చిన్న పెట్టె), ప్రొజెక్టరుకీ వెనక 2 అడుగుల చదరం తలుపు రాతిలోనో చెట్టు బెరడులోనో కలిసిపోయేలా డ్రాయింగులోనే గీయించండి. అది మరిచిపోతే కాలిపోయిన ఒక్క డ్రైవరు కోసం గోడ కోస్తారు.

ఒప్పందంలో మూడు సంగతులు రాయించండి. ఎఫ్‌ఆర్‌పీ అచ్చులు మీ సొత్తు. ప్రతి రంగు కోడ్ నంబరుతో సహా ఒక్కో డబ్బా మీకు మిగల్చాలి. బిల్లులో 10 శాతం పన్నెండు నెలల దాకా ఆపుతారు. ఇక పని మొదలయ్యేముందు 4 అడుగుల చదరం నమూనా ముక్క అడగండి. దాన్ని ట్యూబ్‌లైటు కింద ఒప్పుకోకండి. అసలు గదిలో వేయబోయే లైటు కింద, జనం నిలబడే దూరం నుంచి చూడండి. ఎండలో ముద్దొచ్చిన ఆకుపచ్చ, పసుపు లైటు కింద బురద రంగులోకి పోయిన సందర్భాలు కొల్లలు.

ప్రశ్న: ఆరుబయట బొమ్మలకి వేసిన ఎరుపు రెండేళ్లకే గులాబీ రంగులోకి దిగింది. పక్కనే ఉన్న ఇటుకరంగు మాత్రం అలాగే ఉంది. రెండూ ఒకే కంపెనీ రంగులు. (ఒక పాఠకుడు, అనంతపురం)

కంపెనీని తిట్టి లాభం లేదు, తేడా పిగ్మెంటుది, అంటే రంగునిచ్చే పొడిది. మెరిసే ఎరుపు, పసుపుల్లో సాధారణంగా ఉండేవి సేంద్రియ పిగ్మెంట్లు, ఎండలోని అతినీలలోహిత కిరణాలకి చెదిరిపోతాయి. ఇటుకరంగులో ఉండేది ఐరన్ ఆక్సైడ్, అంటే ఒక రకంగా తుప్పే. అది ఇక పాడవడానికేముంది. ఎండ పడేచోట డిజైన్‌నే ఆక్సైడ్ రంగుల వైపు తిప్పండి: ఇటుక, కావి, గోధుమ, మట్టి పసుపు. నిగనిగలాడే ఎరుపు తప్పదంటే కారు పెయింటు నాణ్యత ఉన్నది వేసి, పైన యూవీ నిరోధకం కలిసిన రెండు భాగాల పాలీయురెథేన్ క్లియర్ కోటు కొట్టించి, మూడు నాలుగేళ్లకోసారి ఆ క్లియర్ కోటు మాత్రం మళ్లీ వేయించండి. ఎపాక్సీ క్లియర్ ఆరుబయట వద్దు, ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. కొత్త సిమెంటు బొమ్మ అయితే 28 రోజులు ఆగి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేశాకే రంగు.

ప్రశ్న: సముద్రం పక్కనే మా వాటర్ పార్కు. స్టెయిన్‌లెస్ రెయిలింగ్‌కి గోధుమ మచ్చలు, డ్రెస్సింగ్ గదుల్లో టైల్స్ మధ్య గ్రౌట్ ఊడిపోతోంది, ప్లై తలుపులు ఉబ్బాయి. ఏది ముందు మార్చాలి? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

టైల్స్ ముందు, ఎందుకంటే జారిపడేది అక్కడ. కర్రతో కొట్టి చూడండి. బోలు మోత వచ్చినవి పాతరోజుల్లో సిమెంటు ముద్దలు పెట్టి అతికించినవై ఉంటాయి. ముద్దల మధ్య ఖాళీలో నీరు చేరి కింద నుంచి ఊడదీస్తుంది. పైపైన గ్రౌట్ నింపితే ఆరు నెలల మాట. నాలుగో వంతు కంటే ఎక్కువ బోలుగా ఉంటే మొత్తం తీయడమే చౌక. నేల మీటరుకి 12 నుంచి 15 మి.మీ. వాలు పెట్టి, వాటర్‌ప్రూఫింగ్ వేసి, 2 అంగుళాల నీరు 48 గంటలు నిలబెట్టి కింద చెమ్మ చూసుకున్నాకే టైల్ వేయాలి. చెప్పులు లేకుండా తడి కాళ్లతో నడిచేచోటికి టైల్ ఎంత జారకుండా ఉంటుందో చెప్పే ఏ, బీ, సీ తరగతులు జర్మన్ పద్ధతిలో ఉంటాయి, ఏ కంటే బీ, బీ కంటే సీ తక్కువ జారుతుంది. డ్రెస్సింగ్ గదికి ఏ సరిపోవచ్చు, షవర్లకీ పూల్ చుట్టూకీ బీ, నీళ్లలోకి దిగే మెట్లకి సీ. ఆర్10, ఆర్11 అనేవి చెప్పులు వేసుకుని నడిచేచోటి కొలతలు. గ్రౌట్ ఎపాక్సీదే పెట్టండి, క్లోరిన్ నీళ్లు సిమెంటు గ్రౌట్‌ని తినేస్తాయి. ఎపాక్సీ పని నేర్చిన మేస్త్రీ చేతే చేయించండి. టైల్ మీద ఆరిపోయిన ఎపాక్సీని మళ్లీ తీయడం నరకం.

ఉబ్బిన తలుపుల చోట ప్లై మళ్లీ కొనకండి, ఎంత మంచి ప్లై అయినా. 12 మి.మీ. కాంపాక్ట్ లామినేట్ పలకలు వేసి, నేలకి 6 అంగుళాల పైన ఆపండి.

రెయిలింగ్ బహుశా 304 రకం స్టెయిన్‌లెస్. కొత్తగా వేసే చోట ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకునే 316 అడగండి. పాతది పారేయక్కర్లేదు, మచ్చలు చాలావరకు పైపైనే ఉంటాయి. పిక్లింగ్ పేస్టుతో (తుప్పుని కరిగించే ఆమ్లపు ముద్ద) తీయించి, వారానికోసారి మంచినీళ్లతో కడిగితే చాలాకాలం నిలుస్తుంది. వెల్డింగ్ అతుకుల దగ్గరే మచ్చలు ఎక్కువగా ఉంటే, మామూలు ఇనుము కోసిన గ్రైండర్ బిళ్లనే దీనికీ వాడి ఉండొచ్చు. ఆ ఇనుప రజను స్టెయిన్‌లెస్‌లో దిగి తుప్పు పడుతుంది.

మీకు ఇన్‌డోర్ పూల్ కూడా ఉంటే, దాని సీలింగ్‌ని వేలాడదీసిన రాడ్లు ఏవో ఈ వారమే చూడండి. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్‌లో పూల్ మీద కాంక్రీటు సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని మోసినవి స్టెయిన్‌లెస్ రాడ్లే. పూల్ గాలిలోని క్లోరిన్ సమ్మేళనాల వల్ల, బయటికి మెరుస్తున్నట్టే ఉండి లోలోపల పగిలిపోయాయి.

ప్రశ్న: ఇంటీరియర్ డిజైన్ చివరి ఏడాది ప్రాజెక్టుగా పాత ఫుడ్ కోర్టుని తెలుగు పల్లెగా మారుస్తున్నాను. తాటాకు కప్పు, తోలుబొమ్మలు, ముగ్గులు అసలైనవే పెట్టాలా, నకలు వాడాలా? 14 అడుగుల సీలింగ్ కింద రెండంతస్తుల మండువా ఇల్లు చూపించగలనా? (ఒక విద్యార్థిని, హైదరాబాద్)

కప్పు నకలే. వంటగది ఉన్నచోట తాటాకు అంటే అగ్గిపెట్టె, పైగా ఎలుకలూ పురుగులూ. మంట నిరోధక సింథటిక్ తాటాకు తీసుకుని, చేతికందే అంచు వరసలో మాత్రం ఆకు కొసలు ఎగుడుదిగుడుగా కత్తిరించండి. అందరికీ తెలిసిపోయేది ఆ వరుసగా కోసిన అంచు దగ్గరే. తోలుబొమ్మలు అసలైనవే కొనండి. నిమ్మలకుంట కళాకారులు మేకతోలు మీద చేసే పనిలోని రంగుల పారదర్శకత ప్రింటుకి రాదు. వాటిని నూనె పొగకి దూరంగా, అద్దం వెనక, ఎల్‌ఈడీ వెలుగుతో పెట్టండి. వేడి బల్బు పెడితే తోలు ఎండి ముడుచుకుంటుంది. ముగ్గు మాత్రం గట్టి రంగుతో స్టెన్సిల్ వేసి, పైన సన్నటి గరుకు కలిసిన క్లియర్ కోటు వేయించండి. నున్నటి కోటు మీద నీళ్లు పడితే ట్రే పట్టుకున్నవాళ్లు జారతారు.

రెండంతస్తులు చూపించవచ్చు. డిస్నీల్యాండ్ కోట ఎత్తు 77 అడుగులే, రాళ్ల సైజు పైకి పోయేకొద్దీ తగ్గించడంతో పెద్దదిగా కనిపిస్తుంది. మీరు కింది అంతస్తుని అసలు కొలతలో, తలుపు పూర్తి 7 అడుగులు, మొత్తం 9 అడుగుల దాకా కట్టండి. పై అంతస్తుకి మిగిలే 5 అడుగుల్లో కిటికీ, కటకటాలు, పెంకులు అన్నీ అసలు కొలతలో సగానికి కాస్త పైన ఉంచండి. పెంకుల అచ్చులు మూడు సైజుల్లో చేయించి, చూరు దగ్గర పెద్దవి, పైన చిన్నవి పెడితే లోతు వస్తుంది. రంగు కూడా పైకి పోయేకొద్దీ కొంచెం వెలిసినట్టు, కొంచెం బూడిద వైపు. పై కిటికీల వెనక లైటు కింది గదికంటే తక్కువ ఉండాలి.

ఇది చెడేది ఒకే ఒక్క కారణానికి: ఎవరైనా పై అంతస్తు పక్కన నిలబడి కనిపిస్తే. అందుకని మీ ప్లాన్‌లో ఎస్కలేటర్ ఎక్కడుందో ముందు చూసుకోండి. ఎక్కేవాళ్ల కళ్లకి ఆ బుల్లి కిటికీ సూటిగా ఎదురైతే, ఇంటిని రెండో గోడ వైపు తిప్పండి.